తలుపు దగ్గర కుర్చీ

ఏ గదిలోకి వెళ్లినా నవనీత కళ్లు ముందు తలుపు పక్కన ఉన్న కుర్చీని వెతుక్కుంటాయి. ఉద్యోగం నేర్పిన బుద్ధి అది. వార్డు నర్సుకు కూర్చునే యోగమే తక్కువ, ఆ కూర్చునేదేదో పిలవగానే లేచి పరుగెత్తడానికి వీలున్న చోట ఉంటే గొడవ ఉండదు. అందుకే ఆ సోమవారం పొద్దున ఆస్పత్రి రెండో అంతస్తులో ఉన్న ట్రైనింగ్ హాల్లో ముందు వరుసలో మెత్తటి కుర్చీలు ఖాళీగా ఉన్నా, ఆమె పోయి పోయి చిట్టచివర, తలుపు తెరిచినప్పుడల్లా రెక్క మోకాలికి తగిలే కుర్చీలో కూర్చుంది. డ్యూటీ లేకపోయినా యూనిఫాం వేసుకునే వచ్చింది. ఫోను ఒళ్లో పెట్టుకుంది.

హాల్లో నడిమధ్య ఒక మంచం, దాని మీద చొక్కా లేని రబ్బరు బొమ్మ. గుండె ఆగినట్టు, ఊపిరి అందనట్టు ఆ బొమ్మ చేత నాటకాలాడించవచ్చు. ట్రైనింగ్ ఇచ్చే ఉదయ్ భాస్కర్ సార్ బొమ్మ తలకాయ నిమురుతూ నియమాలు చెప్పాడు. ఐసీయూ నర్సింగ్‌లో మూడు రోజుల కోర్సు. మూడో రోజు పరీక్ష. గట్టెక్కినవాళ్లకు టీమ్ లీడర్ పోస్టుకు అర్హత వస్తుంది.

"మధ్యలో ఫ్లోర్‌కి వెళ్లి వస్తామంటే కుదరదు. ఒక్క సెషన్ పోయినా సీటు పోయినట్టే. తర్వాత నా దగ్గరికి వచ్చి ఏడవద్దు" అన్నాడు.

ఆ మాట తనకే చెప్పినట్టు అనిపించింది నవనీతకు. ఈ కోర్సుకు ఆమె పేరు ఇంతకుముందూ వచ్చింది. మొదటిసారి వార్డులో మనుషులు లేరని వదులుకుంది. పోయినేడు మళ్లీ అదే కారణం, సీటు రజితకు పోయింది. సూది ఎట్లా పట్టుకోవాలో నవనీత దగ్గర నేర్చుకున్న రజిత ఇప్పుడు టీమ్ లీడరై, నీలం కోటు తొడుక్కుని, సార్ పక్కన నిలబడి బొమ్మకు వైర్లు తగిలిస్తోంది. అది కాదు నవనీత దిగులు. వచ్చే ఏడు నుంచి ఈ కోర్సు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకే అని ఆర్డరు వచ్చింది. నవనీతది డిప్లొమా. ఇప్పుడు తప్పితే ఇక తప్పినట్టే. నెత్తి నెరిసేదాకా స్టాఫ్ నర్సుగానే ఉండి, తాను నేర్పిన పిల్లలందరికీ గుడ్ మార్నింగ్ చెబుతూ రిటైర్ కావాలి.

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది. ఐదో అంతస్తు వార్డు నుంచి సుష్మ. కడప వైపు పిల్ల, కొత్తగా చేరింది. ఐసీయూలో గండం గడిచినవాళ్లను తెచ్చి పెట్టే వార్డు అది. నవనీత లేని మూడు రోజులు దాన్ని ఆ పిల్ల చేతుల్లో పెట్టారు.

"అక్కా, గోవిందప్ప తాత సక్షన్ చేయనియ్యడంలే. చెయ్యి పట్టుకుని తోసేస్తాండాడు. నాకు భయమేస్తాందక్కా."

గోవిందప్పకు గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబు పెట్టారు. అందులో కఫం చేరితే పైపు పెట్టి లాగాలి. లాగినంతసేపు ఊపిరి ఆడదు, అందుకని పెద్దాయన పైపు చూస్తేనే హడలిపోతాడు. తోడున్న భార్య ఎదురుగా కనబడితే కాస్త కుదుటపడతాడు.

"ముందుగాల చెప్పాలె సుష్మా. తాతా, పైపు పెడుతున్న, పది లెక్కవెట్టేలోపల తీస్త అని చెప్పి, ఎడమ చెయ్యి ఛాతీ మీద వెయ్యి. అవ్వను కాళ్ల దిక్కు నిలవడుమను, ఆయనకు కనవడాలె. ఏం గాదు, చెయ్యి."

ఫోను పెట్టేసింది కానీ అన్నం దిగలేదు. పప్పన్నం కలిపిన చెయ్యి కలిపినట్టే ఎండిపోయింది. ఆ ట్యూబు మూసుకుపోతే, సుష్మ కంగారులో చూసుకోకపోతే. పైన జరిగేదంతా కింద కూర్చున్న తన ప్రాణానికి చుట్టుకున్నట్టే ఉంది.

మధ్యాహ్నం తర్వాత అసలు పని మొదలైంది. రోగి గుండె ఆగింది అనుకోవాలి. నలుగురు నర్సులు, అందులో ఒకరు లీడర్. నవనీత వంతు వచ్చింది.

"మీరు లీడర్, సిస్టర్. ఆ, గుండె ఆగింది" అన్నాడు సార్.

మానిటర్ కుయ్యిమనడమే ఆలస్యం, నవనీత ఒక్క అంగలో బొమ్మ దగ్గరికి చేరి రెండు చేతులూ ఛాతీ మీద వేసి నొక్కడం మొదలుపెట్టింది. బలంగా, లయ తప్పకుండా నొక్కింది. ఎవరూ వంక పెట్టలేని నొక్కుడు అది. సార్ చప్పట్లు కొట్టి ఆపించాడు.

"ఎవరు మీరు?"

"లీడర్‌ని సార్."

"లీడర్ ఎక్కడుండాలి?"

సార్ మంచం కాళ్ల వైపు చూపించాడు. "ఇక్కడ. ఇక్కడ నిలబడి చూడాలి, చెప్పాలి, చేయించాలి. మీరు ఛాతీ నొక్కుతుంటే మీకు ఛాతీ తప్ప ఏదీ కనిపించదు. ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది, చూశారా?"

చూసింది. గొట్టం మంచం పక్కన వేలాడుతోంది. అందరూ నవ్వారు. ఎవరి నవ్వులోనూ విషం లేదు కానీ నవనీత చెవులు వేడెక్కాయి. రెండోసారి చేసినప్పుడు మంచం కాళ్ల దగ్గరే నిలబడింది. నొక్కుతున్న పిల్ల మోచేతులు వంచి నొక్కుతోంది. నవనీత ఓర్చుకుంది, ఓర్చుకుంది, ఇక ఉండబట్టలేక "జర జరుగు" అని ఆ పిల్లను పక్కకు తోసి తానే నొక్కింది.

"సిస్టర్, చేతులు!" అని అరిచాడు సార్.

సాయంత్రం వైర్లు చుడుతూ రజిత దగ్గరికొచ్చింది. "అక్కా, నీకో మాట చెప్పాల్నా?"

"చెప్పు."

"రేపు ముందట కూసో. తలుపు కాడ కూసున్నోళ్లనే పిలుస్తరక్క. పోయినేడు నేను గోడ మూలకు కూసున్న. ఫోను బ్యాగుల ఏసిన. నీ లెక్క కూసుంటే నన్ను గూడ గుంజకపోతుండ్రి."

నవనీత నవ్వి ఊరుకుంది. ముందు కూర్చుంటే వార్డు వాళ్లు పిలిచినప్పుడు అందరి కాళ్లూ తొక్కుకుంటూ రావాలి కదా, అని ఆమె మనసు అప్పటికే లెక్క వేసేసింది.

రెండో రోజు టీ తాగి కూర్చున్నారో లేదో, తలుపు రెక్క నవనీత మోకాలికి తగిలింది. నర్సింగ్ సూపరింటెండెంట్ వాసంతి మేడం తల లోపలికి పెట్టింది. ఎప్పుడూ పిన్ను పెట్టిన కాటన్ చీరలో, గంధం వాసనతో ఉండే మనిషి. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆవిడ చేత తిట్టు తిన్నవాళ్లు బతికిపోయారు, మెచ్చుకోలు తిన్నవాళ్లే ఇరుక్కున్నారు.

"నవనీతా, ఒక్క గంట వచ్చి వెళ్లమ్మా. ఐసీయూ నుంచి ఇద్దరిని దింపుతున్నారు, పైన ఆ చిన్నపిల్ల ఒక్కతే ఉంది. నువ్వుంటే నాకు ధైర్యం తల్లీ."

నవనీత సార్ వైపు చూసింది. సార్ బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తున్నాడు. రజిత చూస్తోంది, వద్దన్నట్టు తల ఊపుతోంది. నవనీత నోరు తెరిచి ఏదో చెప్పాలనుకునేలోపే కాళ్లు లేచి నిలబడ్డాయి.

పైన నిజంగానే కాలు పెట్టే సందు లేదు. ఒక మంచం లిఫ్టులోంచి బయటికొస్తోంది, ఇంకో మంచం పక్కన సెలైన్ అయిపోయి మిషను అరుస్తోంది. సుష్మ మెడ చుట్టూ స్టెతస్కోపు, చేతిలో ట్రే, కళ్లలో నీళ్లు. గోవిందప్ప భార్య ఈశ్వరమ్మ నవనీతను చూడగానే వచ్చి మణికట్టు పట్టుకుంది.

"యాడికి పోయినావు పాపా? మా ముసలాయన నిన్నట్నుంచి వాకిలి తట్టే చూస్తాండాడు. ఆ పిల్ల మంచిదేలే, అయినా నీ చెయ్యి నీదే."

ఆ మాట వింటే ఎవరికి మాత్రం ప్రాణం కరగదు? నవనీత చేతులు కడుక్కుని, గ్లౌజు తొడుక్కుని, గోవిందప్ప ఛాతీ మీద చెయ్యి వేసింది. "తాతా, పెడుతున్న" అంది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. పైపు వెళ్లి వచ్చింది. ఆయన ఊపిరి తేలికపడి, ఆమె వేలు పట్టుకుని రెండుసార్లు నొక్కాడు. మాట లేని మనిషి చెప్పగలిగింది అంతే. తర్వాత సెలైన్ మార్చింది, కొత్తగా వచ్చినవాళ్లను మంచాల మీదికి జరిపించింది, డాక్టరు చేసిన ఫోనెత్తింది, ఇంకో మంచం దగ్గర తడిసిన దుప్పటి తీసింది. సుష్మ వెనకే తిరిగింది. "నేను చేస్తానక్కా" అని రెండు మూడుసార్లు అంది. "అయితది తియ్యి, అయిపోయింది" అంటూ అన్నీ నవనీతే చేసింది. గంట అనుకున్నది భోజనాల వేళ దాకా సాగింది.

కిందికి పరుగెత్తి వచ్చేసరికి హాలు తలుపు మూసి ఉంది. మెల్లగా తోసింది. సార్ మాట ఆపి, చేతిలోని మార్కర్‌కు మూత పెట్టి, బయటికి వచ్చాడు.

"సిస్టర్, మీ పేరు కొట్టేయాలి నేను."

"సార్, మేడమే వచ్చి..."

"మేడం నాకూ తెలుసు. పోయినసారి లిస్టులో కూడా మీ పేరు చూశాను. ఇదొక్కసారికి రజిత చెప్పిందని ఊరుకుంటున్నాను, భోజనం మానేసి మీకు తప్పిన పాఠం తను చెబుతానంది. రేపు పరీక్ష. రేపు మీరు ఈ గడప దాటితే నేను చేయగలిగింది ఏమీ లేదు."

రజిత భోజనం డబ్బా మూత కూడా తీయకుండా పాఠం చెప్పింది. ఎక్కడా దెప్పలేదు. దెప్పితేనే బాగుండేదని నవనీతకు అనిపించింది.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే లిఫ్టు దగ్గర వాసంతి మేడం ఎదురైంది. భుజం మీద చెయ్యి వేసింది. "ఇవాళ పరువు నిలబెట్టావమ్మా. రేపు కూడా ఇద్దరు సెలవు పెట్టారు. పొద్దున్నే ఒకసారి ఫ్లోర్ సర్దేసి, అప్పుడు పరీక్షకు వెళ్లు. ఏం?"

"మేడం, రేపు సార్..."

"ఉదయ్‌తో నేను మాట్లాడతాలే. అయినా నీకెందుకమ్మా ఈ హైరానా? నువ్వు లీడరై కుర్చీలో కూర్చుంటే మంచాల దగ్గర ఎవరుంటారు చెప్పు? నీలాంటి చేతులు నాకు ఇంకో రెండుంటేనా!"

ఎంతో ప్రేమగా అంది. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా చిరునవ్వుతోనే ఉంది. "సరే మేడం" అని నవనీత నోరు ఎప్పుడో అనేసింది. హైటెక్ సిటీ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డాక గానీ ఆ మాట లోపలికి దిగలేదు. మంచాల దగ్గర ఎవరుంటారు. అంటే రెండుసార్లు సీటు పోయింది మనుషులు లేకనే కాదన్నమాట. చేతులు బాగున్నందుకు మనిషిని కట్టేశారు. పాలిచ్చే గేదెను ఎవరైనా సంతకు తోలుతారా? ఆ కోపం వెనకే భయం కూడా వచ్చింది. రేపు పైకి పోకపోతే, గోవిందప్పకేమైనా అయితే?

మర్నాడు తెల్లారుతూనే బోరబండలో వాళ్ల ఇంటి నల్లాలో నీళ్లు వచ్చాయి. అత్త చంద్రమ్మ బిందెలు నింపి, నెత్తి దువ్వుకుంటూ వాకిట్లోకి వచ్చింది. ఆమెది హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులో ఊడ్చి తుడిచే పని. ఒక అంతస్తు ఆమెది, ఒక అంతస్తు కొమురమ్మది. కొమురమ్మ మానేసి ఊరికి పోయిన దగ్గర్నుంచి రెండూ చంద్రమ్మే తుడుస్తోంది. రాత్రిళ్లు మోకాళ్లకు జండూబామ్ రాసుకుంటుంది.

నల్లా కింద బకెట్ పెట్టి నవనీత గొంతుక్కూర్చుని ఉంది. బకెట్లో సబ్బు నురగ. నిన్న విప్పిన యూనిఫాం అందులో ముంచింది. తర్వాత కాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది. లేచి లోపలికి వెళ్లి, ఇస్త్రీ చేసి మేకుకు తగిలించిన రెండో జత తెచ్చి, మడత విప్పకుండానే బకెట్లోకి దించి, అరచేత్తో అడుగుదాకా నొక్కింది. బొమ్మ ఛాతీ నొక్కినట్టే మోచేతులు వంచకుండా నొక్కింది.

"ఏందే, ఉతికిన దాన్ని నానవెడుతున్నవు?" అంది చంద్రమ్మ. "రెండు జతలు నీళ్లల్ల ఏస్తే డ్యూటీకి ఏమేస్కపోతవ్?"

"ఇయ్యాల డ్యూటీ లేదత్తమ్మ. పరీక్ష."

"పరీక్షకైతే మాత్రం? మొన్న, నిన్న గదే ఏస్కపోయినవు గద."

"గదేస్కపోతే పైకి పిలుస్తరు. సివిల్ డ్రెస్సుల ఉన్నోళ్లను వార్డుల అడుగు పెట్టనియ్యరు. రూలు."

చంద్రమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఏదో అడగబోయి, మానేసి, "పచ్చ డ్రెస్ ఏస్కపో. గది నీకు మంచిగుంటది" అని దువ్వెన చూరులో దోపింది.

రైలు దిగక ముందే ఫోను మోగింది. వాసంతి మేడం.

"వచ్చేశావామ్మా? పైన సుష్మ ఒక్కతే ఉంది."

"మేడం, నేను సివిల్ డ్రెస్సుల ఉన్న. యూనిఫాంలు రెండు తడిసినయ్."

"రెండూనా?"

"రెండు మేడం."

"సరే" అంది వాసంతి మేడం. మొదటిసారి ఆ గొంతులో తల్లీ లేదు, అమ్మా లేదు. ఫోను కట్ అయింది. ఉద్యోగంలో చేరిన తర్వాత నవనీత ఆవిడకు కాదని చెప్పడం ఇదే మొదలు. ఇదీ నేరుగా చెప్పింది కాదు, బకెట్ చేత చెప్పించింది.

హాల్లో ముందు వరుసలో కూర్చుంది. ఫోను బ్యాగులో వేసి, బ్యాగు కుర్చీ కింద పెట్టింది. అయినా అది అక్కడి నుంచే కాళ్లకు తగిలేలా గుర్రుమంది. ఒకసారి. ఇంకోసారి. సుష్మే అయి ఉంటుంది. గోవిందప్ప ట్యూబు మూసుకుపోయిందేమో. ఆ పిల్ల ఏడుస్తోందేమో. ఈశ్వరమ్మ వాకిలి వైపు చూస్తోందేమో. సార్ చెప్పేది ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఒక మనిషి ఊపిరి కన్నా నీకు నీలం కోటు ఎక్కువైందా అని మనసు పొడుస్తూనే ఉంది. రెండుసార్లు లేవబోయింది. ముందు వరుసలోంచి తలుపు చాలా దూరం, అందరి కాళ్లూ తొక్కుకుంటూ పోవాలి. ఆ దూరమే ఆమెను కూర్చోబెట్టింది.

పేరు పిలిచారు. బొమ్మ మంచం మీద ఉంది. ముగ్గురు నర్సులు చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో మొన్న మోచేతులు వంచి నొక్కిన పిల్ల కూడా ఉంది. నవనీత మంచం కాళ్ల దగ్గరికి వెళ్లి, పచ్చ చున్నీ కొసలు రెండూ వీపు వెనక్కి లాగి, చేతులు వెనక పెట్టుకుని, మణికట్ల చుట్టూ చుట్టుకుంది. సార్ అది చూసి, మానిటర్ మీట నొక్కాడు.

మానిటర్ కుయ్యిమంది. నవనీత భుజాలు ముందుకు ఉరికాయి, చున్నీ బిగిసింది.

"నువ్వు నొక్కు. నువ్వు ఊపిరియ్యి. నువ్వు మందు తియ్యి, గట్టిగ పేరు చెప్పి ఇయ్యి" అంది. గొంతు పీలగా వచ్చింది. ఆ పిల్ల మళ్లీ మోచేతులు వంచింది. చున్నీ మణికట్లను కోసేస్తోంది. "మోచేతులు చక్కగ పెట్టు. ఇంకా గట్టిగ. ఆ, గట్ల." పిల్ల సర్దుకుంది. నవనీత ఆశ్చర్యపోయింది. చెబితే చేసింది. తోయకుండానే, తాను నొక్కకుండానే. అప్పుడు మంచమంతా కనిపించింది. మానిటర్ మీద గీతలు, మందు ట్రే, జారిపోబోతున్న ఆక్సిజన్ గొట్టం. "గొట్టం ఊడుతున్నది, పట్టుకో" అంది. రెండు నిమిషాలకు నొక్కేవాళ్లను మార్చింది. బొమ్మ గుండె మళ్లీ కొట్టుకున్నట్టు మానిటర్ చెప్పింది.

"చేతులు విప్పుకోండి సిస్టర్" అన్నాడు ఉదయ్ భాస్కర్ సార్. "పాసయ్యారు."

రజిత వచ్చి వెనక బిగుసుకున్న చున్నీ విప్పింది. మణికట్ల మీద ఎర్రటి గీతలు పడ్డాయి. సంతోషపడే తీరిక కూడా లేకుండా నవనీత బ్యాగు తీసుకుని మెట్లెక్కింది. లిఫ్టు కోసం ఆగలేదు. ఫోను చూడటానికి ధైర్యం చాలలేదు.

ఐదో అంతస్తులో వార్డు తలుపు దగ్గర సెక్యూరిటీ స్వామి చెయ్యి అడ్డం పెట్టాడు. "పాస్ ఉందా మేడం? విజిటింగ్ టైమ్ అయిపోయింది."

"నేనే, స్వామన్నా."

స్వామి కళ్లు చిట్లించి చూసి నాలుక్కరుచుకున్నాడు. "గీ డ్రెస్సుల గుర్తుపట్టలేదమ్మా. అయినా లోపలికైతే పంపియ్య, రూలు. అద్దంలకెల్లి చూడు."

తలుపుకున్న అద్దంలోంచి చూసింది. గోవిందప్ప దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరి తేలికగా ఆడుతోంది. ఈశ్వరమ్మ కాళ్ల దగ్గర నిలబడి ఉంది, సరిగ్గా ఎక్కడ నిలబడాలో అక్కడ. వార్డులో ఎవరూ పరుగెత్తడం లేదు. నవనీత ఎప్పుడూ చూడని ఇద్దరు నర్సులు, ఒకరు సెలైన్ దగ్గర, ఒకరు మందుల బండి దగ్గర ఉన్నారు.

ఆమెను చూసి సుష్మ బయటికి వచ్చింది. "అక్కా, పాసయినావా? చెప్దామని రెండుసార్లు ఫోన్ చేసినా, తాత సక్షన్ చేయించుకున్యాడు. నువ్వు చెప్పినట్టే చేసినా."

"వాళ్లెవరు?" అంది నవనీత.

"మేడం పంపించింది. పొద్దున వచ్చి, నవనీత రావడంలేదు, నువ్వే సర్దుకో అనింది. నాకు సర్దుకోవడం రాదు మేడం, ఇంతమందిని ఒక్కదాన్నే చూస్తే ఎవరికో ఏమో అవుతాది, మనుషుల్ని పంపిస్తేనే కొత్త పేషెంట్లను తీసుకుంటా అనినా. వణుకుతానే అనినాను లేక్కా. కొంచెంసేపు నన్నట్లే చూసింది. తర్వాత నాలుగో ఫ్లోర్ నుంచి ఒకర్ని, ఓపీ నుంచి ఒకర్ని పంపించింది. ఎక్కువ పని ఉన్న వార్డుకు పంపడానికి రోజూ ఇద్దర్ని స్పేర్‌లో పెడతారంట కదా." సుష్మ ఆగి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నువ్వెప్పుడూ అడగలేదా అక్కా?"

నవనీత గోడకు ఆనుకుంది. అడగలేదు. జ్వరంతో వచ్చిన రోజు అడగలేదు. బతుకమ్మ నాడు డబుల్ డ్యూటీ చేసినప్పుడు అడగలేదు. సీటు వదులుకున్న రెండుసార్లూ అడగలేదు. స్పేర్‌లో మనుషులుంటారనే ఆమెకు తెలియదు, ఎందుకంటే ఐదో అంతస్తుకు వాళ్ల అవసరం తనే ఎప్పుడూ పడనియ్యలేదు. లోపలి నుంచి ఈశ్వరమ్మ ఆమెను చూసి చెయ్యి ఊపింది, ఊపి మళ్లీ మొగుడి దుప్పటి సర్దుకోవడంలో పడింది. తాను లేకపోతే కూలిపోతుందనుకున్న వార్డు నిలబడే ఉంది. దానికి సంతోషించాలి. నవనీతకు ఏడుపొచ్చింది. మేడం మీద కోపం, దానికన్నా తన మీద ఎక్కువ కోపం.

"మంచిగ చేసినవు" అని సుష్మ భుజం తట్టి, మెట్లు దిగి వచ్చేసింది.

రైలు బోరబండలో ఆగుతుండగా ఫోను మోగింది. వాసంతి మేడం. గొంతు మళ్లీ మెత్తబడింది.

"పాసయ్యావటగా, చాలా సంతోషం అమ్మా. ఆ, రేపు మార్నింగ్ ఒకళ్లు తగ్గుతున్నారు. నువ్వు వస్తావుగా, ఎలాగోలా సర్దుకుంటావు కదూ?"

జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. నవనీత దిగి స్తంభం పక్కకు జరిగి, ఖాళీగా ఉన్న చేతిని వెనక పెట్టుకుంది.

"సర్దుకోను మేడం. స్పేర్‌ల ఉన్నోళ్లను ఒకరిని పంపియ్యున్రి."

రైలు కదిలి వెళ్లిపోయింది. పట్టాలు చప్పుడు మానాక ఫోనులో మేడం గొంతు వినిపించింది.

"సరే, చూస్తాను."

అంతే. భూమి బద్దలు కాలేదు. ఉద్యోగం ఊడలేదు. టీమ్ లీడర్ పోస్టుకు ఆవిడ తన పేరు రాస్తుందో, ఇక రాయనే రాయదో కూడా తెలియదు. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లు పట్టిందా అనుకుంటూ ఇల్లు చేరింది.

వాకిట్లో దండెం మీద రెండు జతల యూనిఫాంలూ పిండి ఆరేసి ఉన్నాయి. చంద్రమ్మ పని నుంచి వచ్చి అప్పుడే వాటిని ఉతికినట్టుంది, గడప మీద కూర్చుని మోకాలికి బామ్ రాసుకుంటోంది.

"పాసైనవా?"

"ఐన."

"మీ మేడం మల్ల పిలిచిందా?"

"పిలిచింది. ఒక్కదాన్నే చెయ్య, ఇంకో మనిషిని పంపియ్యిమన్న."

"ఏమన్నది?"

"చూస్తనన్నది. ఇయ్యాల సుష్మ అడిగితే ఇద్దరిని పంపిందత్తమ్మ. అందరు నన్నే సర్దుకొమ్మనవట్టిరి, నేను సర్దుకోవడితిని. ఉన్నరట, ఎప్పటికెల్లో ఉన్నరట."

చంద్రమ్మ మోకాలి మీద వేళ్లు ఆగిపోయాయి. బామ్ డబ్బా మూత పెట్టలేదు. దండెం మీద యూనిఫాం అంచు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా బండ మీద పడుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. కొమురమ్మ పోయి ఎన్నాళ్లయిందో లెక్క వేసుకుంటోందని నవనీతకు అర్థమైంది.

"అడిగితే ఇస్తరానే?" అంది చంద్రమ్మ చివరికి.